ముల్లంగి గింజల ప్రశ్న

మూడు గాజు పళ్లేలు. ఒక్కోదాంట్లో ఒకటిన్నర గ్రాముల ఎండు ముల్లంగి గింజలు. మొదటి పళ్లేనికి వెలుతురు తగులుతోంది కానీ నీళ్లు లేవు. రెండోదానికి వెలుతురూ ఉంది, నీళ్లూ ఉన్నాయి. మూడోదానికి నీళ్లిచ్చి చీకట్లో పెట్టారు. వారం తర్వాత మూడింట్లో ఉన్నదంతా తీసి, ఆరబెట్టి, తూచారు. మొదటిది 1.46 గ్రాములు తూగింది, రెండోది 1.63, మూడోది 1.20. ఎందుకిలా వచ్చిందో రాయండి.

ప్రశ్న ఇంతే. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వృక్షశాస్త్ర ఆచార్యురాలు డయాన్ ఈబర్ట్-మే, జానెట్ బాట్జ్లీ, హీజున్ లిమ్‌లతో కలిసి 2003లో ‘బయోసైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఉంది. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తమ ఫలితాన్ని ఎంత అనుమానంగా చూస్తారో, క్లాసులో తమ పాఠాన్నీ అంతే అనుమానంగా చూసుకోవాలన్నది ఆ వ్యాసం వాదన. వాదన మంచిదే. దాన్ని అప్పటికే చాలామంది అన్నారు, తర్వాతా అన్నారు. నన్ను ఆపింది మాత్రం ఈ ప్రశ్నలోని పనితనం. డిగ్రీ చదివే పిల్లలకు జీవశాస్త్రం ఎంత వంటబట్టిందో తెలుసుకోవడానికి ఇంత పొదుపుగా, ఇంత నిక్కచ్చిగా కూర్చిన ప్రశ్న నేను ఎక్కువగా చూడలేదు. ఇందులో ఒక్క మాట కూడా ఊరికే పడలేదు.

‘ఆరబెట్టి’ అన్న మాట చూడండి. అది తీసేస్తే ప్రశ్న కూలిపోతుంది. నానిన గింజ బరువెక్కుతుందని పెసలు నానబోసిన ఎవరికైనా తెలుసు. తడితోనే తూచి ఉంటే చీకట్లోని మొలకలు కూడా ఒకటిన్నర గ్రాములకంటే ఎంతో ఎక్కువ తూగేవి. విద్యార్థి ‘నీళ్లు పీల్చుకున్నాయి’ అని ఒక ముక్క రాసి పేపరు ఇచ్చేసేవాడు. ఆరబెట్టాక మిగిలేది పిండి, చక్కెరలు, మాంసకృత్తులు, కొవ్వు, కణాల గోడల్లోని సెల్యులోజ్. అంటే ఇప్పుడు అడుగుతున్నది నీటి సంగతి కాదు, మొక్క ఒంటి సంగతి. ఈ తేడాను ప్రశ్న ఎక్కడా విడమరిచి చెప్పదు. చదివేవాడు గమనించాలి. గమనించనివాడి జవాబులో ఆ లోటు మొదటి వాక్యంలోనే బయటపడుతుంది.

పళ్లెం కూడా అంతే. గింజల్ని కుండీలో నాటి ఉంటే మట్టి వచ్చి పడేది. మట్టి ఉందంటే ‘భూమిలో సారం పీల్చుకుని పెరిగింది’ అనే జవాబు వచ్చి తీరుతుంది. ఆ జవాబుకు వయసు తక్కువేమీ కాదు. బెల్జియం దేశస్థుడు వాన్ హెల్మాంట్ దాన్ని పరీక్షించడానికే 200 పౌన్ల ఎండుమట్టిలో 5 పౌన్ల విల్లో మొక్కను నాటి ఐదేళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది, మట్టి రెండు ఔన్సులు తగ్గింది. మట్టి కాకపోతే మరి నీళ్లే చెట్టయ్యాయని తేల్చాడు. ఆ లెక్క ఆయన పోయాక 1648లో అచ్చయింది. మన మూడో పళ్లెం ఆయన ముందు పెట్టి ఉంటే ఏమనేవాడో. నీళ్లు పుష్కలంగా ఉన్నాయి, అయినా బరువు తగ్గింది! బొగ్గు కాలిస్తే వచ్చే వాయువును గుర్తించి పేరు పెట్టినవాడు కూడా ఆయనే కావడం వింత. చెట్టు బరువెక్కడానికి కావలసినది చేతిలోనే ఉన్నా, రెంటినీ కలిపి చూడలేకపోయాడు.

ఇక అంకెలు. ప్రశ్నకు గుండెకాయ 1.20. చీకట్లో మొలిచిన విత్తనం కంటికి బాగానే పెరిగినట్టు కనిపిస్తుంది. పసుపుపచ్చగా, సన్నగా, వెలుతురులో మొలిచినదానికంటే పొడుగ్గా సాగుతుంది. మొలకెత్తడమంటే పెరగడమే కదా అని మనసు అనుకుంటుంది. తక్కెడ మాత్రం ఐదో వంతు పోయిందంటోంది. పోయిన 0.3 గ్రాములు ఎటు పోయాయి? పళ్లెంలో లేవు, నీళ్లలో లేవు. గింజ తన నిల్వల్నే ఖర్చు పెట్టుకుంది. ఊపిరి తీసుకుంది. పోయిన పదార్థం కార్బన్ డయాక్సైడ్‌గా, నీటిగా మారి గాలిలోనో పళ్లెం తడిలోనో కలిసింది. నీరు ఎలాగూ ఆరబెట్టినప్పుడు ఎగిరిపోతుంది.

మొక్కలు కూడా శ్వాసిస్తాయని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అయినా జంతువులకు శ్వాసక్రియ, మొక్కలకు కిరణజన్య సంయోగక్రియ అని పంపకాలు చేసుకునే పిల్లలు, మొక్కలు రాత్రిపూట మాత్రమే ఊపిరి తీస్తాయనుకునే పిల్లలు ఎక్కడైనా ఉంటారు. హాస్లమ్, ట్రీగస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఆస్ట్రేలియా బడిపిల్లల్లో ఈ అపోహల్ని 1987లోనే నమోదు చేశారు. ప్రతి ప్రశ్ననూ రెండంతస్తులుగా పెట్టడం వాళ్ల పద్ధతి. కింద జవాబు, పైన ‘ఎందుకని’ దాని కారణం. కారణం కూడా సరిపోతేనే మార్కు. ముల్లంగి ప్రశ్నలో రెండో అంతస్తు అవసరమే లేదు. జవాబు మొదటే చేతికిచ్చేసి కారణం మాత్రమే అడుగుతుంది.

చాలామంది పట్టించుకోనిది మొదటి పళ్లెం. నీళ్లు లేక ఏమీ జరగని పళ్లెం. పనికిరాని అంకెలా కనిపిస్తుంది కానీ మిగతా రెండింటినీ కొలవాల్సింది దానితోనే. ఒకటిన్నర గ్రాములు 1.46 ఎందుకైంది? ఎండు గింజలోనూ కాస్త తేమ ఉంటుంది, ఆరబెట్టడంలో అది పోయి ఉండవచ్చు. నిద్రపోతున్న గింజ వారంలో చేసే ఖర్చు చాలా స్వల్పం. కాబట్టి లెక్కకు అసలు మొదలు 1.50 కాదు, 1.46. అక్కడినుంచి చూస్తే చీకటి పళ్లెం 0.26 గ్రాములు పోగొట్టుకుంది, వెలుతురు పళ్లెం 0.17 గ్రాములు కూడబెట్టింది. ఇక్కడ ఆగకండి. వెలుతురులో ఉన్న మొలక కూడా ఊపిరి తీస్తూనే ఉంది. అది కూడా దాదాపు అంతే ఖర్చు పెట్టిందనుకుంటే, ఖర్చు పోను 0.17 మిగిలిందంటే సంపాదన 0.43 దాకా ఉండాలి. ప్రశ్నలో ఎక్కడా లేని అంకె ఇది. మూడు పళ్లేలు పక్కపక్కన పెడితేనే పుడుతుంది. సముద్రంలో నాచు ఎంత ఆహారం తయారుచేస్తుందో కొలవడానికి గార్డర్, గ్రాన్ 1927లో ఒక సీసాను వెలుతురులో, ఒకదాన్ని చీకట్లో పెట్టి ఆక్సిజన్ తేడా చూసినదీ ఈ తర్కంతోనే. నిజమైన పరిశోధనలో వాడే ఆలోచనను ఎక్కడా దాని పేరెత్తకుండా మొదటి ఏడాది పిల్లల చేత చేయించడం అంటే ఇదే.

(వృక్షశాస్త్రం బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఒక మెలిక పెట్టవచ్చు. ముల్లంగి గింజలో నూనె ఎక్కువ. నూనె చక్కెరగా మారేటప్పుడు ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కాబట్టి నూనెగింజల ఎండు బరువు తొలిరోజుల్లో కాస్త పెరగనూ వచ్చు. వారం గడిచేసరికి ఖర్చు దాన్ని మింగేసిందన్నమాట. ప్రశ్న దీన్ని దాటేసింది. దాటేయడమే మంచిదయింది.)

దీని పక్కన మనకు అలవాటైన ప్రశ్న ఒకటి పెట్టి చూద్దాం. ‘కాల్విన్ వలయాన్ని పటం సహాయంతో వివరించండి.’ పది మార్కులు. తప్పు ప్రశ్నేమీ కాదు, ఆ వలయం తెలియాల్సిందే. కానీ పటం గీసి, ఎంజైముల పేర్లన్నీ రాసి, పదికి పది తెచ్చుకుని కూడా చెట్టు కాండం గాలిలోంచి వచ్చిందన్న మాట ఒక్కసారైనా మనసులో మెదలకుండా డిగ్రీ పూర్తి చేయవచ్చు. గ్లూకోజ్ తీసుకోండి. అణుభారం 180. అందులో హైడ్రోజన్ వాటా 12 మాత్రమే, అదొక్కటే నీటినుంచి వచ్చింది. మొక్క వదిలే ఆక్సిజన్ నీటిది కాబట్టి చక్కెరలో మిగిలిన కార్బన్, ఆక్సిజన్ రెండూ కార్బన్ డయాక్సైడ్‌వే. 180లో 168. నూటికి తొంభై మూడు పాళ్లు గాలి! ఇంటర్ బైపీసీలో ఈ సమీకరణం రాయని విద్యార్థి ఉండడు. ఈ తీసివేత చేసి చూసుకున్నవాళ్లు ఎందరు?

ముల్లంగి ప్రశ్న ఉన్న వ్యాసంలోనే ఇంకో ప్రశ్న ఉంది, దాని తీరే వేరు. జాన్సన్ బామ్మ అనే ఒకావిడకు యూటాలోని జాన్సన్ లోయ అంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో భర్తతో వెళ్లిన చోటు. తాను పోయాక అక్కడే ఒక క్రియోసోట్ పొద కింద పాతిపెట్టమని కోరింది. ఇప్పుడు ఆ బామ్మ దేహంలోని ఒక కార్బన్ పరమాణువు ఏ దారిన పోయి ఒక కయోటి ఒంట్లో చేరవచ్చో చెప్పాలి. కయోటి అంటే అక్కడి ఎడారుల్లో తిరిగే, మన నక్కకు తోడేలుకు మధ్యస్థంగా ఉండే జంతువు. చివర్లో ఒక గమనిక: ఆ కయోటి బామ్మ సమాధి తవ్వదు.

నవ్వు వస్తుంది, నవ్వించడానికే రాశారు కూడా. అయినా ఆ గమనిక చేసే పని పెద్దది. అది లేకపోతే తెలివైన కుర్రాడు ఒక్క గెంతులో జవాబు ముగించేస్తాడు. అది ఉన్నందువల్ల ఎలాగైనా మొక్క గుండా పోవాల్సిందే. ఇక చూడాల్సింది పరమాణువును మొక్కలోకి ఎలా పంపాడన్నది. మట్టిలోకి, అక్కడినుంచి వేళ్లలోకి, వేళ్లనుంచి ఆకులోకి అని రాసినవాడు ఎరువు పాఠం గుర్తు పెట్టుకున్నాడు కానీ కార్బన్ పాఠం నేర్వలేదు. సూక్ష్మజీవులు దేహాన్ని కుళ్లబెడతాయి, ఆ పనిలో అవి శ్వాసిస్తాయి, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి లేస్తుంది, పొద ఆకులు దాన్ని పట్టి చక్కెర చేస్తాయి, ఆకు తిన్న కుందేలునో ఎలుకనో కయోటి తింటుంది. మట్టికింద ఉన్నది పైనున్న పొదలో చేరడానికి గాలిలోకి వెళ్లి రావాలి. పొదను సమాధి మీదే ఉంచడంలో ఉన్న కొంటెతనం ఇప్పుడు తెలుస్తుంది. వేళ్లు అక్కడే ఉన్నాయి, అడుగు దూరంలో. అడ్డదారి తొక్కమని కవ్విస్తున్నాయి.

మన దగ్గర ఈ ప్రశ్నను ఉన్నదున్నట్టు దించుకుంటే కుదరదు. బామ్మను దహనం చేశారంటే సూక్ష్మజీవుల మెట్టు మొత్తం కొన్ని గంటల్లో చితిమీదే దాటిపోతుంది, పరీక్షించాల్సిన ముక్కే మాయమవుతుంది. ఖననం చేసే ఇళ్లు మనలోనూ ఉన్నాయి కానీ, చావు మీద ఇలాంటి చమత్కారాన్ని మన క్లాసులో ఎంతమంది హాయిగా తీసుకుంటారో అనుమానమే. రాలిన వేపాకుతో మొదలుపెడితే సరిపోతుందేమో. అయితే బామ్మ ఉన్నప్పుడు వచ్చే ఊపు అందులో రాదు.

ఇలాంటి ప్రశ్నలకున్న కష్టం దిద్దడం. అరవైమంది రాసిన కారణాలు చదివి, ఎవరు ఎక్కడ దారితప్పారో పట్టుకోవాలంటే లెక్చరర్‌కు ఆదివారం పోతుంది. అందుకే అదే మిషిగన్ స్టేట్‌లో మరో బృందం బిట్లకు దిగింది. క్రిస్టోఫర్ విల్సన్, చార్లెస్ ఆండర్సన్, తోటివాళ్లు 2006లో అచ్చువేసిన వాటిలో ఒక బిట్ ఇది. గ్రాము కూడా లేని విత్తనంనుంచి నీరు తీసేసి లెక్కించినా టన్ను తూగే మేపుల్ చెట్టు వచ్చింది, ఆ బరువుకు అన్నిటికంటే ఎక్కువ కారణమేది? వేళ్లు పీల్చిన ఖనిజాలా, మట్టిలోని సేంద్రియ పదార్థమా, ఆకులు గాలినుంచి పట్టిన కార్బన్ డయాక్సైడా, నీరా, ఆకులో చేరిన సూర్యరశ్మా?

మామూలు బిట్ పేపర్లో తప్పు ఆప్షన్లు ఖాళీ నింపడానికి ఉంటాయి. నాలుగు పేర్లలో మూడు ఏదో ఒకటి పెట్టేస్తారు, రెండింటిని చూడగానే కొట్టేయవచ్చు. ఈ జాతి బిట్లలో తప్పు ఆప్షన్‌కే ఎక్కువ చాకిరీ పడుతుంది. విద్యార్థుల్ని కూర్చోబెట్టి అడిగి, వాళ్లు రాసిన జవాబులు చదివి, వాళ్లు నిజంగా నమ్మేవాటినే ఆప్షన్లుగా పెడతారు. ఏ చేపకు ఆ ఎర. వెలుతురును పదార్థమనుకునేవాడికి సూర్యరశ్మి దొరుకుతుంది, వాన్ హెల్మాంట్ వారసుడికి నీరు దొరుకుతుంది. తప్పు గుర్తుపెట్టినవాడు కేవలం మార్కు పోగొట్టుకోడు, తన బుర్రలో ఏముందో పంతులుకు చెప్పి వెళతాడు. శాన్‌డియాగో స్టేట్‌లో మరో ఆండర్సన్, ఫిషర్, నార్మన్ 2002లో సహజవరణం మీద చేసిన ఇరవై బిట్ల పరీక్ష కూడా ఈ దారిలోనే తయారైంది. అందులో గలపగాస్ ఫించ్ పక్షులు, వెనిజులా గప్పీ చేపలు, కానరీ దీవుల బల్లులు వస్తాయి.

మేపుల్ చెట్టుకు తోబుట్టువు లాంటి బిట్ ఇంకోటి ఉంది. స్నేహితుడు ఆహారం తగ్గించి పదిహేను పౌన్లు తగ్గాడు, ఆ బరువు ఎక్కడికి పోయింది? ‘శక్తిగా మారి ఖర్చయిపోయింది’ అన్న ఆప్షన్ వైపు చెయ్యి తనంతట తానే పోతుంది. జిమ్‌లో చెప్పేదీ అదే, పేపర్లో చదివేదీ అదే. పదార్థం శక్తిగా మాయం కాదు. చీకటి పళ్లెంలో ముల్లంగి మొలకకు జరిగిందే అతనికీ జరిగింది, ఊపిరితో బయటికి పోయింది. 2014లో మీర్మన్, బ్రౌన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్కకట్టి చూపించారు. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా, 1.6 కిలోలు నీరుగా పోతాయి. వాళ్లు అడిగి చూస్తే డాక్టర్లలోనూ పోషకాహార నిపుణుల్లోనూ చాలామంది శక్తిగా మారిందనే అన్నారు. ముల్లంగిని, మేపుల్‌ను, మనిషిని ఇలా ఒకే వరసలో నిలబెట్టడం మిషిగన్ వాళ్ల ఎత్తుగడ. ఒకదాంట్లో సరిగ్గా చెప్పి రెండోదాంట్లో జారినవాడికి పాఠం గుర్తుంది కానీ సూత్రం అందలేదని తెలిసిపోతుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోపం చెప్పాలి. ఇలాంటి ప్రశ్న ఒక్కసారి బయటికి వస్తే దాని పదును అయిపోయినట్టే. మన దగ్గరైతే వచ్చే సెమిస్టర్‌కల్లా గైడులో ‘ఇంపార్టెంట్’ అని నక్షత్రం గుర్తుతో ఉంటుంది, ‘1.20 = శ్వాసక్రియ’ అని బట్టీ పట్టేస్తారు. దీనికి విరుగుడు జంట ప్రశ్నలు. పైకి వేరు కథ, లోపల అదే సూత్రం. కొలరాడో యూనివర్సిటీ బౌల్డర్ ప్రాంగణంలో మిషెల్ స్మిత్, తోటివాళ్లు జన్యుశాస్త్రం క్లాసులో అలాంటి పదహారు జంటలు వాడి 2009లో ‘సైన్స్’ పత్రికలో ఫలితం రాశారు. మొదటి ప్రశ్నకు ఎవరికి వారు జవాబిచ్చారు. పక్కవాళ్లతో వాదించుకుని అదే ప్రశ్నకు మళ్లీ ఇచ్చారు. వెంటనే జంటలో రెండోదానికి ఒంటరిగా ఇచ్చారు. మొదట సగం పైచిలుకు మందికి వచ్చింది, చివరికి డెబ్బై శాతం దాటింది. తెలిసినవాణ్ణి చూసి రాశారనుకుందామంటే, జట్టులో మొదట ఎవరికీ తెలియని చోట్ల కూడా పెరుగుదల కనిపించింది. ఇక్కడా నాకు ముచ్చటేసేది ఆ రెండో ప్రశ్న పెట్టిన చోటు. అది లేకపోతే క్లాసులో గోల జరిగిందని తప్ప చదువు జరిగిందని ఎవరూ రుజువు చేయలేరు.

ముల్లంగి వ్యాసం తర్వాత ఈబర్ట్-మే తన తక్కెడను పిల్లల మీదినుంచి పంతుళ్ల మీదికి తిప్పింది. కొత్త పద్ధతుల్లో పాఠం చెప్పడానికి కాలేజీ అధ్యాపకులకు శిక్షణ శిబిరాలు నడిపేవాళ్లలో ఆవిడ కూడా ఉండేది. శిబిరాలకు వచ్చినవాళ్లను అడిగితే, ఎక్కువమంది తమ క్లాసులు మారాయనే చెప్పారు. ఆ మాటతో ఊరుకోకుండా వాళ్ల క్లాసుల వీడియోలు తెప్పించి, పరిశీలకుల చేత మార్కులు వేయించారు. నూటికి డెబ్బై ఐదుగురు ఇంకా ఉపన్యాసమే ఇస్తున్నారని తేలింది. తన సొంత శిబిరాల మీద వచ్చిన ఆ ఫలితాన్ని ఆవిడ 2011లో అదే ‘బయోసైన్స్’లో, చెప్పేది ఒకటి చేసేది ఒకటి అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టి అచ్చువేసింది.